ఏడుపుమలుపు సుంకమ్మ

ఇప్పుడున్న కొండలు అప్పుడూ ఉన్నాయి. ఇప్పుడు పారే వాగు అప్పుడూ పారేది. మనమే ఎవ్వరం లేము. మన తాతల తాతలైనా ఉయ్యాల్లో ఉన్నారో లేదో! అంత వెనకటి మాట ఇది. వినేవాళ్ళు ముందుకు జరగండి, కునుకొచ్చేవాళ్ళు ఆ గోడకు ఆనుకోండి. మధ్యలో అడ్డం తగిలి "ఇనుము ఎట్లా అరుగుతుంది?" అని అడిగితే మాత్రం ఊరుకోను. చెప్పబోయేదే అది.

గుర్రంకనుమ అని ఒక కనుమ. దాని గుండా రైలుపట్టా వేశారు. మామూలు పట్టానా అది! కొండను తొలుచుకుని, వాగును దాటుకుని, మెలికలు తిరుగుతా తిరుగుతా పైకెక్కేది. బొగ్గుబండి పొగ కక్కుకుంటూ వస్తుంటే చేలో పని చేసేవాళ్ళు నడుమెత్తి దండం పెట్టేవాళ్ళంట. అంత ఇనుము, అంత బరువు, కొండెక్కి పోతుంటే దండం పెట్టక ఏం చేస్తారు?

ఆ కనుమలో ఒక పెద్ద మలుపు. బండి ఆ మలుపులోకి వచ్చిందంటే చాలు, పట్టా ఏడ్చేది. కీ...ర్ర్ర్! కీ...ర్ర్ర్! ఆ ఏడుపుకు ఉయ్యాల్లో బిడ్డలు ఉలిక్కిపడేవాళ్ళు. ఆవులు పాలు ఎగచేపేవి. కొండకింది పల్లెలో ఒకళ్ళ మాట ఒకళ్ళకు వినపడేది కాదు. అందుకే దాన్ని ఏడుపుమలుపు అన్నారు.

"అక్కడ రక్కసి ఉంది" అనేవాళ్ళు పల్లెలో. "ఇనుము తినే రక్కసి. ఆకలేస్తే ఏడుస్తుంది, ఏడ్చి ఏడ్చి పట్టాను కొరుక్కు తింటుంది."

నమ్మనివాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించేవాళ్ళు. మలుపులో పట్టా కింద రాళ్ళ మీద తళతళా మెరిసే ఇనుప పొడి. రక్కసి నోట్లోంచి రాలిన పొడి! చూసినవాళ్ళు చెంపలేసుకునేవాళ్ళు. ఏటేటా కోళ్ళు కోసేవాళ్ళు. ఆ కోళ్ళను తిన్నది రక్కసి కాదు, కోసినవాళ్ళే. సరే, అది మనకెందుకు!

ఆ పల్లెలో సుంకమ్మ అని ఒకామె. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఆమె మొగుడు గిడ్డయ్య పట్టా పనివాడు. సుత్తి భుజాన వేసుకుని పట్టా పొడుగునా నడిచి, వదులైనచోట బిగించి వచ్చేవాడు. ఒకనాడు అరిగిన పట్టా మీద సరుకుబండి చక్రం ఎక్కి అవతలికి దూకింది. పెట్టె పక్కకు పడింది. పక్కన ఉన్నది ఎవరు? గిడ్డయ్యే.

గాజులు తీసేనాడు కూడా సుంకమ్మ ఏడవలేదంట. "ఏడవ్వే తల్లీ, గుండె పగులుతుంది" అన్నారు ఆడవాళ్ళు.

"నేనెందుకు ఏడవాల? పొద్దుమానం ఆ మలుపే ఏడుస్తాంది కదా" అందంట.

చేతిలో బిడ్డ ఒకడు, మద్దిలేటి. వాణ్ణి కూలీనాలీ చేసి పెంచింది. వాడు పెరిగి పెరిగి ఎక్కడికి పోయాడు? ఆ బండి మీదికే! ముందు బొగ్గు ఎత్తి వేసేవాడు అయ్యాడు. ఆ తర్వాత బండి తోలేవాడయ్యాడు. తలగుడ్డ చుట్టుకుని, మొహానికి మసి పూసుకుని, నవ్వుకుంటూ ఇంటికొచ్చి "అమ్మా, మన కనుమే ఇచ్చినారు నాకు" అన్నాడు.

సుంకమ్మ చేతిలో చెంబు కింద పడింది.

"యాడైనా తోలు నాయనా. ఆ మలుపు మీద మాత్రం తోలొద్దు."

"కనుమ ఎక్కాలంటే ఇంకో దారి యాడుందమ్మా?"

వాడు పనికి పోయాక ఆమె మలుపు దగ్గరికి పోయింది. గిడ్డయ్య పోయినప్పటినుంచీ అటువైపు తొంగి చూడని మనిషి. పట్టా పక్కన కూర్చుని చేత్తో తడిమింది. నెత్తి నున్నగా ఉంది. వెన్ను గట్టిగా ఉంది. బయటిపట్టాకు లోపలి చెంప మాత్రం తినేసినట్టు లోపలికి పోయి, అంచు కొడవలి మాదిరి పదునుగా తేలింది. ఆమె వేలు తెగింది.

"వాడి నాయనను తిన్నావు. వాణ్ణి కూడా తింటావా?" అంది పట్టాతో. పట్టా ఏం మాట్లాడుతుంది!

ఆమె ఊరుకోలేదు. లేచి కమ్మరి మౌనాచారి కొలిమికి పోయింది. "ఆచారీ, ఇనుమును ఏది తింటది?"

"ఇనుమును తినేది ఇనుమే అక్కా. ఉత్తగా ఆనుకుని ఉంటే తినదు. నొక్కిపట్టి రాస్తే తింటది. ఇదో చూడు" అని మౌనాచారి ఆకురాయి తీసుకుని ఒక కత్తి మీద బరబరా రాశాడు. పొడి రాలింది. తళతళా మెరిసింది. సుంకమ్మ ఆ పొడిని వేలితో ఎత్తి చూసుకుంది. మలుపు కింద పొడీ ఇదే!

అక్కడినుంచి ఎద్దులబండి తోలే ఉసేను దగ్గరికి పోయింది. "ఉసేనూ, నీ బండి నేరుగా పోయేటప్పుడు నోరు మెదపదు. సందు మలుపులో యాల ఏడుస్తాది?"

"చక్రమేమో నేరుగా పోదామంటాది అత్తా. ఎద్దులేమో పక్కకు లాగుతాయి. రెంటికీ పడక చక్రం పోయి ఇరుసును రాస్తాది. పొడిగా ఉంటే ఏడుపే. కందెన పెట్టినామనుకో, నోరు మూస్తాది."

అక్కడినుంచి పట్టా మేస్త్రీ కుళ్ళాయప్ప దగ్గరికి పోయింది. తెల్లమీసాల మనిషి. గిడ్డయ్యకు పని నేర్పినవాడు. ఆ అరుగుదల చూసి చూసి మనసు విరిగి ఉన్నాడు.

"సుంకమ్మా, బండి చక్రానికి లోపలిపక్క ఒక అంచు ఉంటాది. ఆ అంచు ఉండబట్టే బండి పట్టా దిగిపోకుండా పోతాది. మలుపు వచ్చిందంటే ఆ అంచే బయటిపట్టా చెంపను రాసుకుంటా పోతాది. ఏం చేస్తాం, కాపాడేదే కొరుకుతాది. చెంప అరిగేకొద్దీ చక్రానికి ఎక్కను సందు దొరుకుతాది. కొత్త పట్టాకు కబురంపినాం. అది ఓడెక్కి సముద్రం దాటి రావాల."

"అంతదాకా నా బిడ్డ?"

ఆమే మళ్ళీ అడిగింది.

"కందెన పూస్తే, మేస్త్రీ?"

"పూసినాం తల్లీ. పూసి పూసి విసిగి వదిలేసినాం. ఎండకు కారిపోతాది, వానకు కొట్టుకుపోతాది, బండి పోతే తుడుచుకుపోతాది. ఈపొద్దు పూస్తే ఈపొద్దుకే. ఉన్న నలుగురం కనుమ అంతా చూసుకోవాల. రోజూ, బండి బండికీ అక్కడే కూర్చుని పూసే మనిషి ఎవరున్నారు?"

"నేనున్నా" అంది సుంకమ్మ.

కుళ్ళాయప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. అప్పుడు చెప్పాడు ఆ మాట. ఇదిగో, ఇది గుర్తుపెట్టుకోండి.

"చెంపకు రాయి, నెత్తి తాకకు. చెంప జారాల, నెత్తి పట్టాల. నెత్తికి జిడ్డు తగిలిందంటే చక్రానికి కాలు నిలవదు. ఎక్కే బండి ఎక్కదు, ఆగే బండి ఆగదు. చెంపకు రాయి, నెత్తి తాకకు!"

కనుమ పొడుగునా ఆముదం చెట్లు ఎవరూ వేయకుండానే మొలిచి ఉన్నాయి. సుంకమ్మ కాయలు కోసి ఎండబెట్టింది. గింజలు వేయించి, దంచి, కాచి నూనె తీసింది. వరిగడ్డి కాల్చి ఆ మసి నూనెలో కలిపి మెదిపింది. నల్లటి కందెన అయింది. కారదు, జారదు, పూస్తే పూసినచోట అంటుకుని ఉంటుంది. ముంత నిండా పెట్టుకుని, పాతగుడ్డ చుట్టిన పుల్ల ఒకటి పట్టుకుని మలుపుకు పోయింది. పట్టా నిమురుతా "చెంపకు రాయి, నెత్తి తాకకు" అనుకుంటూ ఈ చివరినుంచి ఆ చివరిదాకా పూసింది.

మొదటిరోజు బండి వచ్చింది. కీ...ర్ర్ర్! ఏడ్చింది. పల్లెలో వాళ్ళు నవ్వారు. రెండోరోజు బండి వచ్చింది. ఏడుపు మూలుగైంది. నవ్వినవాళ్ళు చెవులు నిక్కించారు. మూడోరోజు బండి వచ్చింది.

వచ్చింది, మలుపు తిరిగింది, పోయింది.

ఏడుపు లేదు! అమ్మో, ఆ నిశ్శబ్దం! ఇళ్ళల్లోంచి జనం బయటికొచ్చారు. "బండి వచ్చిందా? పోయిందా?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగారు. కొండ మీద పొగ ఒకటి తేలుతా ఉంది, అంతే. దూరాన వాగు పారే చప్పుడు వినపడింది. బండి పోతుండగా ఆ చప్పుడు వినడం పిల్లలకు అదే మొదటిసారంట. ముసలివాళ్ళు ఉన్నచోటే చేతులు జోడించారు.

"సుంకమ్మ రక్కసిని లొంగదీసింది!" అని ఊరూవాడా మోగిపోయింది.

"రక్కసీ లేదు, గిక్కసీ లేదు. పొడిగా రాసుకుంటాంటే జిడ్డు పెట్టినా, అంతే" అని ఆమె మొత్తుకుంది. వింటే కదా! ఆమె నడిచిపోతుంటే పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె ముంతను తాకి కళ్ళకద్దుకున్నారు. ఆమెకు చిరాకేసేది. ఎండనక వాననక మలుపు దగ్గర ఉండేది. కొడుకు బండి వచ్చినప్పుడు పక్కకు జరిగి నిలబడేది. మద్దిలేటి పైనుంచి చెయ్యి ఊపేవాడు. వాడు మలుపు దాటేదాకా ఆమె ఊపిరి బిగబట్టి, దాటాక వదిలేది.

ఇట్లా ఉండగా సుంకమ్మకు జ్వరం తగిలింది. ఒళ్ళు పెనం మాదిరి కాలిపోతోంది. లేవబోయింది, కళ్ళు తిరిగి పడింది. పక్కింటి నాగులమ్మ పరుగెత్తుకొచ్చింది. నాగులమ్మ మంచిది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

"నువ్వు లేచినావంటే కాళ్ళు ఇరగ్గొడతా. ఇన్నినాళ్ళు మా అందరికీ నువ్వు చేసినావు. ఈపూట మేం చేస్తాం" అంది.

"నాగులమ్మా... చెంపకు..." అంటూనే సుంకమ్మ మగతలోకి జారిపోయింది. మాట నోట్లోనే ఉండిపోయింది.

నాగులమ్మ పల్లెలో ఆడవాళ్ళందరినీ పోగేసింది. ఏం పూయాలి, ఎక్కడ పూయాలి అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని ఏముంది వాళ్ళకు? రక్కసి శాంతించి తల్లి అయింది. తల్లికి ఏం చేస్తాం? తలంటు పోస్తాం! ఇంటింటినుంచీ నూనె తెచ్చారు. పసుపు తెచ్చారు, కుంకుమ తెచ్చారు, డప్పు తెచ్చారు. పాడుకుంటూ పోయి మలుపు పొడుగునా రెండు పట్టాలకూ నెత్తిన నూనె పోశారు. ప్రేమగా పోశారు. అరచేత్తో మర్దన చేశారు. బొట్లు పెట్టారు. నూనెలో పట్టా ఎండకు మెరిసిపోతుంటే "మా తల్లి ఎంత కళగా ఉందో!" అని మురిసిపోయారు.

తిరిగొచ్చి సుంకమ్మ తలాపున కూర్చున్నారు. ఆమె కళ్ళు తెరిచింది.

"పూసినారా?"

"పూసినామా అంటావా! ఒక్క చుక్క మిగల్చలేదక్కా. నెత్తిన పోసి, మర్దన చేసి..."

"నెత్తినా?"

సుంకమ్మ లేచి కూర్చుంది. ద్వారంలోంచి ఎండ చూసింది. పొద్దు నడినెత్తికి వస్తోంది. మద్దిలేటి బండి కింద స్టేషన్‌నుంచి బయల్దేరే వేళ. బండి నిండా జనం. ఎక్కే దారి. వెనక వంతెన, వంతెన కింద లోయ.

"మీ ప్రేమ తగలెయ్య! నా బిడ్డను చంపినారు గదే!"

అట్లా అని పరుగెత్తింది. జ్వరం ఏమైందో, ఒళ్ళు ఏమైందో! ఆ మాట విని ఆడవాళ్ళ పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె వెనకే అందరూ పరుగెత్తారు. ఆమె మలుపు చేరి కొంగుతో పట్టా నెత్తి తుడవడం మొదలుపెట్టింది. నూనె పోదు. తుడిచేకొద్దీ పాకుతుంది.

అప్పుడు నాగులమ్మకు వెలిగింది. "జిడ్డు గిన్నెకు మనం ఏం పూస్తామే? బూడిద! పొయ్యిల్లో బూడిద అంతా ఊడ్చుకు రాండే!" అని కేక పెట్టింది. ఆడవాళ్ళు బూడిద చాటలతో ఎత్తుకొచ్చారు. చల్లారు, తోమారు, తుడిచారు. చల్లారు, తోమారు, తుడిచారు. చల్లారు, తోమారు, తుడిచారు. నెత్తి మీద నూనె వదిలింది, ఇనుము మళ్ళీ ఇనుమైంది. మలుపు పై చివర కొంచెం మాత్రం మిగిలింది.

కింద కూత వినపడింది.

బండి వచ్చేసింది. తోమినచోట చక్రం పట్టింది, బండి ఎక్కింది. నూనె మిగిలినచోటికి వచ్చింది. చక్రాలు గిర్రున తిరిగాయి. తిరుగుతున్నాయి గానీ బండి కదలదు! పట్టా మీద పొగ లేచింది, కాలిన ఇనుము వాసన. చక్రం జారితే పోయడానికి ఇంజనుకు సొంతంగా ఇసక ఉంటుంది, మద్దిలేటి అది వదిలాడు. ఉన్నదంతా అయిపోయింది. బండి నిలబడింది. నిలబడి, మెల్లగా, మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది. పెట్టెల్లో జనం అరుపులు.

సుంకమ్మ మలుపు పక్కన పారే వాగులోకి దూకి ఒడి నిండా ఇసక ఎత్తుకొచ్చింది. తిరిగే చక్రం పక్కనే వంగి, దోసిలితో ఇసక తీసి చక్రం ముందు పోసింది. ఆవిరి ఆమె మొహాన కొట్టింది. జరగలేదు. అవతలి పట్టా దగ్గర ఎవరున్నారు? నాగులమ్మ. ఏడుస్తానే పోసింది, పోస్తానే ఏడ్చింది. మిగిలిన ఆడవాళ్ళు వాగునుంచి ఒడులు నింపి అందిస్తూ ఉన్నారు.

మద్దిలేటి కిందికి చూశాడు. చక్రం పక్కన అమ్మ! "అమ్మా, పక్కకు పో!" అని అరిచాడు.

"నువ్వు తోలు నాయనా!" అని ఆమె అరిచింది.

కర్ర్... కర్ర్... ఇసక నలిగింది. చక్రం పట్టింది. బండి ముందుకు ఒక్క జానెడు కదిలింది. మళ్ళీ ఒక జానెడు. ఆ తర్వాత ఎక్కింది! ఒక్కో పెట్టే ఆమె పక్కనుంచి పోతోంది. మద్దిలేటి ఆపలేదు. ఆపితే మళ్ళీ ఎక్కదు. కన్నతల్లి బూడిదలో, ఇసకలో, నూనెలో మునిగి నిలబడి ఉంటే, దిగి కాళ్ళ మీద పడాలని ప్రాణం కొట్టుకుంటుంటే, ఆపకుండా తోలుకుంటూ పోయాడు. కూత మాత్రం వేశాడు. ఆ కూత కనుమ దాటేదాకా వేస్తూనే పోయాడంట.

కూత వినపడినంతసేపూ నిలబడి, అది ఆగాక సుంకమ్మ అక్కడే కూలబడింది. కూలబడి బావురుమంది. గిడ్డయ్య పోయినప్పుడు ఏడవని మనిషి, అన్నేళ్ళ ఏడుపు ఆపూట ఏడ్చింది. నాగులమ్మ వచ్చి ఆమె కాళ్ళు పట్టుకుంది. సుంకమ్మ ఆమె జుట్టు పట్టుకుని ఒక్కటి మొట్టి, మళ్ళీ గుండెకు హత్తుకుంది.

మర్నాటికల్లా ఆమె మళ్ళీ మలుపు దగ్గరే! చీపురుతో పట్టా మీద ఇసక ఊడుస్తోంది. ఆ దారిన వచ్చిన కుళ్ళాయప్ప "నిన్న కాపాడిన ఇసకను ఊడ్చి పారేస్తాండావే?" అని అడిగాడు, తెలిసి కూడా.

"నిన్న కాపాడింది మేస్త్రీ. ఉండనిస్తే ఈపొద్దు కొరుకుతాది" అంది. ఊడ్చి, ముంత తీసుకుని చెంపకు కందెన పూసింది. ఆ రోజునుంచి నాగులమ్మ అవతలి కొసనుంచి పూసుకుంటూ వచ్చేది. ఇద్దరూ మధ్యలో కలుసుకునేవాళ్ళు.

కొత్త పట్టా ఓడ దిగి వచ్చేదాకా పాత పట్టా నిలిచింది. తీసేనాడు కుళ్ళాయప్ప దాని చెంప నిమిరి "ఇది ఎప్పుడో పోవాల్సిన పట్టా" అని తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. కొత్త పట్టాకూ ఆమే పూసింది. నడుము వంగిపోయేదాకా పూసింది. మద్దిలేటి ఆ మలుపు ఎన్నిసార్లు ఎక్కాడో, ఎన్నిసార్లు దిగాడో ఎవరు లెక్కపెట్టారు! ప్రతిసారీ క్షేమంగా ఇల్లు చేరాడు. మీసాలు నెరిసేదాకా తోలాడు.

ఆఖరికి ఒకనాడు సుంకమ్మ కన్నుమూసింది. కందెన అంటిన చేతులు గుండెల మీద పెట్టుకుని, నిద్రపోయినట్టే పోయింది.

చివరి స్నానం చేయించాలి. ముందు కొడుకు తన చేత్తో తల్లి నెత్తిన నూనె పెట్టాలి, అది ఆచారం. నాగులమ్మ నూనెగిన్నె తెచ్చి అందించింది. మద్దిలేటి అరచేతిలో నూనె పోసుకుని తల్లి నెత్తి దాకా చెయ్యి తీసుకుపోయాడు. చెయ్యి ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. వాడి చెయ్యి కిందికి దిగింది. తల్లి చెంపకు నూనె రాశాడు. ఈ చెంపకు, ఆ చెంపకు.

"చెంపకు రాస్తి, నెత్తి తాకలేదమ్మా" అన్నాడు. ఆ మాటకు పల్లె పల్లెంతా గొల్లుమంది.

మలుపు పక్కనే ఆమెను పూడ్చిపెట్టారు. గుర్తుకు రాయి నాటలేదు. తీసేసిన ఆ పాత పట్టా ముక్క ఒకటి నిలువునా నాటారు. అరిగిన చెంప పట్టావైపుకు పెట్టి నాటారు. ఇప్పటికీ ఉంది, పోయి చూసుకోండి. దానికి ఎవ్వరూ నెత్తిన నూనె పోయరు. పోసేవాళ్ళెవరైనా వస్తే అక్కడున్న ఆడవాళ్ళు చేతి మీద ఒక్కటి కొట్టి మరీ ఆపుతారు. అరిగిన చెంపకు కందెన రాస్తారు, దాని మొదలు దగ్గర దోసెడు వాగు ఇసక పోస్తారు. కనుమ పల్లెల్లో పసిబిడ్డకు మొదటిసారి నూనె పెట్టేటప్పుడు కూడా ముందు చెంపకే పెడతారు. ఊరు విడిచి బండెక్కే కొడుకు చెంపకు అమ్మ చుక్క నూనె అద్ది పంపుతుంది.

ఇప్పుడు ఆ మలుపులో మనిషి కూర్చోవడం లేదు. పట్టా పక్కన ఒక ఇనుప పెట్టె పెట్టారు. బండి వచ్చినప్పుడల్లా అదే కందెన పూస్తుంది. పట్టా పనివాళ్ళు దానికి కందెన నింపడానికి పోతూ ఒకళ్ళనొకళ్ళు ఏమని అడుగుతారో తెలుసా? "సుంకమ్మకు పెట్టినావా?" అని. పెట్టె ఖాళీ అయితే "అమ్మ పస్తు ఉంది, పదండి" అని పరుగెత్తుతారు.

అక్కడికి వచ్చినప్పుడు బండి తోలేవాళ్ళు ఇప్పటికీ ఒక చిన్న కూత వేస్తారు. ఎవరికోసమో తెలియని కుర్రవాళ్ళు కూడా వేస్తారు. బండి మలుపు తిరిగి పోతుంది, పట్టా ఏడవదు. కొండ కింద పల్లెలో వాగు పారే చప్పుడు వినపడుతూనే ఉంటుంది.

బండి మలుపు దాటింది, మాట ఇక్కడికి చేరింది. లేవండి, ఇళ్ళకు పోండి. పోయి పిల్లల చెంపకు చుక్క నూనె రాసి పడుకోబెట్టండి.